ముగ్గురు మూడు మాటలు చెప్తే 20 లక్షలు ఎట్లా పంచాలి? ఎక్సెల్ సాల్వర్ అంతా స్థలంలోనే పెట్టమంటోంది

కావలి_గుంటలు:
మాకు కావలి దగ్గర ఏడెకరాల రొయ్యల గుంటలున్నాయి. ఈసారి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) బాగొచ్చి, మేత బాకీ తీర్చాక 20 లక్షలు మిగిలింది. మామయ్యేమో రామాయపట్నం పోర్టు పక్కన స్థలం కొనమంటాడు, బావమరిది ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ఫండ్) అంటాడు, అమ్మ బంగారం తప్ప ఇంకో మాట వినదు. బీటెక్‌లో చదివింది గుర్తు చేసుకుని, రాబడి, రిస్కు రెండూ చూసి డబ్బు దేనికెంత పంచాలో మార్కోవిట్జ్ 1952లో చెప్పిన పద్ధతిని ఎక్సెల్ సాల్వర్‌లో (మేలైన పంపకాన్ని అదే వెతికిపెట్టే పనిముట్టు) వేశాను, ముగ్గురూ చెప్పిన రాబడి అంకెలే పెట్టి. 96 శాతం స్థలానికే ఇచ్చింది. సరే, స్థలం తీసేసి చూస్తే ఇండెక్స్‌కి 13 శాతం రాబడి పెడితే డబ్బంతా ఇండెక్స్‌కి పోతుంది, 11 పెడితే బంగారానికి పోతుంది. రెండు శాతానికే ఇంత గోలైతే ఈ లెక్కని నమ్మేదెట్లా?

ఒంగోలు_లెక్కలు:
అన్నా, సాల్వర్ తప్పేం లేదు. మీరిచ్చిన అంకెని అది వేదవాక్కు అనుకుంటుంది, అందుకని ఎవరు ఎక్కువ కోశారో వాళ్ల దగ్గరికే డబ్బంతా తోలుతుంది. గోల్డ్‌మన్ సాక్స్ అనే అమెరికా బ్యాంకులో ఫిషర్ బ్లాక్, రాబర్ట్ లిటర్‌మన్ 1990లో దీనికే ఒక దారి తీశారు. మార్కెట్లో జనం డబ్బు ఇప్పుడు ఎట్లా పంచి ఉందో చూసి, దాన్నుంచి వెనక్కి లెక్కేసి మొదటి అంచనా తీస్తారు. తెలిసినవాళ్లు చెప్పే మాట ఆ అంచనాని కాస్త జరుపుతుందంతే, పూర్తిగా చెరిపెయ్యదు. ఎంత జరపాలన్నది ఆ మాటమీద ఎంత నమ్మకమో దాన్నిబట్టి.

ఉదాహరణకి ఇండెక్స్‌కి మొదటి అంచనా 10 శాతం, అటూ ఇటూ 2 అనుకోండి. బావమరిది 18 అన్నాడు, ఆయన మాటకి అటూ ఇటూ 4 ఇద్దాం. వర్గం చేసి తిరగేస్తే 1/4, 1/16, అంటే నాలుగు పాళ్లకి ఒక పాలు. (40+18)/5 = 11.6. ఆయన మాట అంత గట్టిది కాదు, 6 ఇద్దాం అనుకుంటే తొమ్మిదికి ఒకటి, 10.8 వస్తుంది. 18 అన్న మనిషిని కాస్త ఎక్కువ నమ్మినా తక్కువ నమ్మినా తేడా ఒక్క శాతం లోపే, ఇంక సాల్వర్ పిచ్చిపట్టినట్టు ఎగరదు.

టంగుటూరు_బ్యారన్:
బాగుంది మాస్టారూ, కానీ ఆ 4, 6 ఎవరు చెప్తారు? అసలు చిక్కంతా అక్కడే. కూక్ అనే ఆయన 1991లో నిపుణుల మాటలకి బరువులు కట్టే పద్ధతి ఒకటి రాశాడు, నిపుణుణ్ణి ముందు మనకి జవాబు తెలిసిన ప్రశ్నలడిగి, ఆయనిచ్చే రేంజులో నిజం ఎన్నిసార్లు పడిందో చూసి, దాన్నిబట్టి బరువు ఇవ్వాలని. నేను పొగాకు వేలం రేటు మీద మోటుగా ఇదే చేశా. తెలిసిన వ్యాపారులు ఇద్దర్ని వారం వారం కింద రేటు, పై రేటు అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నా. పది వారాల్లో ఒకాయనకి ఎనిమిదిసార్లు పడింది, ఇంకొకాయనకి మూడే. ఆ మూడాయనే బంకు దగ్గర గొంతు చించుకుని చెప్పేది, మనమందరం వినేదీ ఆయన్నే.

ఇంకొకటి, మీ మామయ్యతో పాటు ఇంకో నలుగురు పోర్టు స్థలం అన్నా అది ఐదు మాటలు కాదు, అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో చూసి చెప్తుంటే ఒకటే మాట.

మూలాపేట_సీఏ:
96 శాతం స్థలానికి ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదే. ఇండెక్స్‌కి రోజూ రేటు కనపడుద్ది, 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే దాదాపు 13 శాతం పడింది, అదంతా మీ షీట్‌లో రిస్కు కింద నమోదవుద్ది. స్థలానికి అంకణం (మా వైపు స్థలం కొలత) రేటు ఎప్పుడో అమ్మినప్పుడే తెలిసేది, మధ్యలో గీత నున్నగా ఉంటుంది, రిస్కే లేదని సాల్వర్ అనుకుంటుంది. కొనేవాడు దొరక్క రెండేళ్లు తిరగడం ఏ వేరియన్స్‌లోనూ (రేటు ఎంత ఊగుతుందో చెప్పే అంకె) రాదు.

రిస్కుకి వేరియన్స్ వదిలేసి సీవీఏఆర్ (కండిషనల్ వాల్యూ ఎట్ రిస్క్) చూడండి. రాకఫెల్లర్, ఉర్యాసెవ్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో దాన్ని మామూలు లీనియర్ ప్రోగ్రామింగ్‌లోకి, అంటే సాల్వర్ తేలిగ్గా చెయ్యగల లెక్కలోకి, తెచ్చారు. అర్థం సులువే, మరీ అధ్వాన్నమైన 5 శాతం సందర్భాల్లో సగటున ఎంత పోతుందన్నది. మీకు హద్దు తర్వాతి పంట సీడు, మేత ఖర్చుని బట్టి పెట్టుకోండి. మూడు లక్షలు పోయినా పంట వెయ్యగలరు అనుకుంటే, చెడ్డ రోజుల్లో ఇండెక్స్ 35 శాతం పడుద్దని ఊహిస్తే, మిగతావి పడకపోయినా అందులో ఎనిమిదిన్నర లక్షలు దాటకూడదు. అసలు మీ పెద్ద పెట్టుబడి ఆ ఏడెకరాలే, దాన్ని షీట్‌లో పెట్టారా? 2025లో అమెరికా సుంకాలు వేసినప్పుడు రొయ్య రేటు పోయి, అదే వారం షేర్లూ పడుంటే మీరు అమ్మాల్సింది ఏది? అందుకే ముందు ఒక పంట ఖర్చు ఎఫ్‌డీలో పక్కన పెట్టి, మిగిలినదానికే ఈ లెక్కలన్నీ చెయ్యండి.

కావలి_గుంటలు:
గుంటలు పెట్టలేదు సార్, తట్టనే లేదు. ఒక పంట ఖర్చు తీస్తే 11 లక్షలే మిగిలింది, దానికి మళ్లీ వేశాను. స్థలానికి హద్దు నేనే పెట్టా, ఇండెక్స్‌కి 11.6 పెడితే ఇప్పుడు మూడిటికీ తలా కాస్త వస్తోంది.
నిన్న మామయ్యని కింద రేటెంత, పై రేటెంత అని రేంజ్ అడిగా. "రేంజేందిరా, రెట్టింపవుద్దంటే అవుద్ది" అన్నాడు. ఈ మాటకి అటూ ఇటూ ఎంత పెట్టమంటారు?

టంగుటూరు_బ్యారన్:
పోయినేడు ఏం చెప్పాడో అత్తయ్యనడుగు, అంకె ఆమె చెప్తుంది.