‘శాసకులు’ అనాలా, ‘శాసనసభ్యులు’ అనాలా?

బెంగళూరులో మా పేట తెలుగువాళ్లం ఉగాది సభకు ఆహ్వానపత్రం వేయిస్తున్నాం. పిల్లలు అందులో ‘మన శాసకులు’ అని రాశారు. నేను ‘శాసనసభ్యులు’ అని దిద్దితే, “ఇక్కడ అందరూ శాసకరు అనే అంటారు కదా పిన్నీ, పొట్టిగా బాగుంది” అన్నారు.

కన్నడంలో అది నిక్షేపంలాంటి మాట, పత్రికల్లో రోజూ కనిపిస్తుంది. తెలుగులో మాత్రం శాసించడమంటే ఆజ్ఞాపించడమే. మనం ఓటేసి పంపినవారిని అలా పిలవడం నాకు మింగుడుపడదు. శాసనం చేసేది సభ. కర్ణాటక విధానసభలోని 224 మందిలో మన ఎమ్మెల్యేది ఒక్క ఓటు.

బెంగళూరు ఎమ్మెల్యే రామలింగారెడ్డి గారినే చూడండి. 1980లలో నగర కార్పొరేటర్‌గా మొదలై, 1989లో జయనగర నుంచి విధానసభకు వెళ్లారు. 2008 నుంచి ఆయన నియోజకవర్గం బీటీఎం లేఅవుట్. కన్నడ వాడుకలో పాలికె (నగరపాలక సంస్థ) ‘సదస్యరు’ విధానసౌధ (విధానసభ భవనం) మెట్లెక్కితే ‘శాసకరు’ అవుతారు. తెలుగులో అక్కడా ఇక్కడా సభ్యుడే. అందుకే మన మాట నాకంత ఇష్టం. దీనిమీద నన్ను అడిగినవీ, నా జవాబులూ ఇవి:

– శాసనసభ, సభ్యుడు కలిస్తే ‘శాసనసభా సభ్యుడు’ కావాలి కదండీ? ఒక ‘సభ’ ఎటు పోయింది?

– ఎటూ పోలేదండీ, ‘సభ్యుడు’లోనే ఉంది. ‘సభాయా యః’ అని పాణిని సూత్రం. సభకు తగినవాడు సభ్యుడు. ముందు ‘శాసన’ చేరిస్తే చాలు, రెండో సభ అక్కర్లేదు. మండలికైతే ఈ సౌకర్యం లేదు, ‘శాసనమండలి సభ్యుడు’ అని పూర్తిగా చెప్పాల్సిందే.

– అక్కయ్యా, ‘శాస్’ ధాతువుకు బోధించడమనే అర్థం కూడా ఉంది. శాస్త్రం, శిష్యుడు అందులోంచి వచ్చినవే. శాసకుడి మీద మరీ అంత కోపమెందుకు?

– ధాతువులో ఉంది తమ్ముడూ, మన వాడుకలోకి రాలేదు. శాసనం అనగానే నాకు కడప జిల్లా కలమళ్ల రాయి గుర్తొస్తుంది. సుమారు 575 నాటిది, రేనాటి చోళుడు ధనంజయుడి కాలంది. అలాంటి రాజును శాసకుడంటే నప్పుతుంది. వార్డులో మురుగుకాలవ పొంగిందని, వీధిదీపం వెలగలేదని జనం తలుపు తడితే లేచి వచ్చి, అలా పైకెదిగిన రామలింగారెడ్డి గారిలాంటి మనిషికి ఆ మాట బరువు. పైగా ఆ జనమే అయిదేళ్లకోసారి ఆయన్ని మళ్లీ ఎంచాలి.

పత్రం రేపు అచ్చుకు వెళ్తోంది. తెలుగు వైపు ‘శాసనసభ్యులు’ అనే ఉంచాను. కన్నడ వైపు ‘శాసకరు’ను ముట్టుకోలేదు.