సాల్ట్ లేక్ సిటీలో చర్చి కంపెనీ అపార్ట్‌మెంట్: దీపం పెట్టుకోనిస్తారా?

నమస్తే అండీ. వచ్చే నెల ఉద్యోగం మీద సాల్ట్ లేక్ సిటీ వెళ్తున్నాం. డౌన్‌టౌన్‌లో మాకు నచ్చిన అపార్ట్‌మెంట్ వ్యవహారాలు చూసేది మోర్మన్ చర్చి సొంత కంపెనీ అట. 2012లో తెరిచిన సిటీ క్రీక్ మాల్ కూడా ఆ చర్చి కట్టించిందే, ఆదివారం షాపులు మూసేస్తారు. (షాపింగ్ శనివారమే కానివ్వాలన్నమాట!) మతం చూసి ఇల్లు లేదనడం 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం కుదరదు కాబట్టి ఆ టెన్షన్ లేదు. లీజులో ఒక్క లైనే ఇబ్బంది: కొవ్వొత్తులు, అగరుబత్తీలు వెలిగించరాదు. ఇది చర్చి కంపెనీ పెట్టిందా, అమెరికాలో ఎక్కడైనా ఉండేదేనా? మా అత్తయ్యగారు పొద్దున్నే దీపం పెట్టందే కాఫీ ముట్టరు. బ్యాటరీ దీపం చూపిస్తే నవ్వి పక్కన పెట్టేశారు. అక్కడ అద్దెకుంటున్నవాళ్లు ఎవరైనా సంతకానికి ముందే ఈ లైను మార్పించుకున్నారా? ఎవరిని అడగాలి?