లంక భూమిలో సేంద్రియ ద్రాక్ష, ఏమీ కలపని ఎర్ర వైన్: మన డెల్టాకు తగినదేనా?

లంక రైతు కొడుకు:
నాసిక్ దగ్గర ఒక వైన్ తయారీ కేంద్రంలో నాలుగేళ్లు పనిచేసి ఇంటికి వచ్చాను. గోదావరి గౌతమి పాయ నడుమ ఉన్న లంకలో మాకు రెండెకరాలు ఉంది. ప్రస్తుతం అరటి. అందులో నల్ల ద్రాక్ష సేంద్రియంగా పండించి, తొక్క మీద సహజంగా ఉండే ఈస్ట్‌తోనే పులియబెట్టి, వైన్ చెడకుండా వేసే సల్ఫైట్ కూడా వేయకుండా ఎర్ర వైన్ చేయాలని నా కోరిక. నాన్న, అన్నయ్య, వదిన, నేను కలిసి చేసుకునే పని. నాన్నకు నమ్మకం లేదు. ఎర్ర వైన్‌లో తొక్కలు రోజుల తరబడి రసంలోనే నానతాయి, రంగంతా వాటిదే. తొక్క మీద ఏ మందు ఉంటే అదీ అందులోకి దిగుతుంది. అందుకే సేంద్రియం అంటున్నాను. ఎక్సైజ్ లైసెన్సు చేతికి వచ్చాకే తయారీ. దాపరికం లేకుండా చెప్పండి.

కడియం నర్సరీ:
తమ్ముడూ, నేను మీ నాన్నగారి పక్షమే. నాసిక్‌లో పంట కోసం తీగను అక్టోబరులో కత్తిరిస్తారు. అక్కడ వానలు వెళ్లిపోయే కాలం అది. మనకు తుఫానులు మొదలయ్యే కాలం. 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. అంత దాకా ఎందుకు, పూత మీద వారం రోజులు ముసురు పట్టినా బూజు తెగులు తోటను తినేస్తుంది. సేంద్రియంలో దానికి ముఖ్యమైన ఆధారం బోర్డో మిశ్రమం, కొబ్బరి మొవ్వు కుళ్లుకు మనం వాడేదే. అందులో ఉన్నది రాగి. కుళ్లదు, ఆవిరి కాదు, ఏటా నేలలో పేరుకుంటుంది. ఐరోపాలో ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి మించకూడదని హద్దు పెట్టారు. మన ముసురులో ఆ హద్దు దాటకుండా పంట తీయగలవా?

పైగా లంక. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. అరటి మునిగితే మళ్లీ పిలకలు నాటుకుంటాం. పందిరి, స్తంభాలు, తీగ అన్నీ ఏళ్ల తరబడి ఫలితమిచ్చే పెట్టుబడి.

లంక రైతు కొడుకు:
కత్తిరింపును డిసెంబరుకు జరిపితే తుఫానులు దాటిపోతాయి కదా అన్నగారూ?

కాకినాడ సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు:
జరిపితే పండు ఏప్రిల్ మధ్యలో కోతకు వస్తుంది. అప్పుడు మన ఎండ ఎంతో మీకు తెలుసు. పులిసే రసం తనంతట తానే వేడెక్కుతుంది. 35 డిగ్రీలు దాటితే ఈస్ట్ నీరసిస్తుంది, చక్కెర మిగిలిపోతుంది, దాన్ని బాక్టీరియా అందుకుంటుంది. ఇక మీ తొట్టెలో ఉండేది వైన్ కాదు, పులిసి చెడిన రసం. చల్లబరిచే ఏర్పాటు లేకుండా ఈ పని మొదలు పెట్టవద్దు.

సల్ఫైట్ విషయంలో మీ పట్టుదలను నేను ఒప్పుకోను. ఈస్ట్ పులిసేటప్పుడు తానే కొద్దిగా సల్ఫైట్ తయారు చేస్తుంది, కాబట్టి సున్నా అన్నది దాదాపు దొరకదు. ఫ్రాన్స్‌లో 2020లో సహజ వైన్‌కు ఒక గుర్తు వచ్చింది: చేతితో కోసిన సేంద్రియ పండు, తొక్క మీది ఈస్ట్. పులిసిన తరువాత మాత్రం లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా సల్ఫైట్‌కు అనుమతి. ఐరోపాలో మామూలు ఎర్ర వైన్‌కు హద్దు 150. ఆవకాయలో ఉప్పు, నూనె లేకుండా చేయమని మా అమ్మను ఎవరైనా అడిగితే ఆమె ఏమంటుందో, ఆ 30 కూడా వద్దంటే నేనూ అదే అంటాను.

గీత కుటుంబం, అంబాజీపేట:
మేడమ్‌గారూ, మా తాత తాటికల్లు గీసేవారు. లొట్టిలో ఈస్ట్ ఎవరూ వేయలేదు. పులవకూడదంటే సున్నం రాయాల్సి వచ్చేది, పులియడానికి ఏమీ చేయనక్కరలేదు. పొద్దున దించినది ఆ రోజే అయిపోయేది, అందుకే చెడే మాట లేదు. వైన్ సీసాను రెండేళ్లు దాచి ఢిల్లీ పంపాలనుకుంటేనే సల్ఫైట్ అవసరం. ఈ ఏటి పండు ఈ ఏడే, చల్లగా ఉంచి, దగ్గరలోనే అమ్మితే తమ్ముడి కోరిక తప్పు కాదు. పాత్రల శుభ్రత మాత్రం ప్రాణంగా చూసుకోవాలి. నిన్నటి కల్లు అంటిన లొట్టి నేటి కల్లును చెరుపుతుంది.

రామచంద్రపురం గృహిణి:
బాబూ, నేను వేరే మాట చెబుతాను. మా ఇంట్లో తాగుడు ఒక మనిషిని తీసుకుపోయింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎందుకు తిరగబడ్డారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. సేంద్రియం, సహజం అనే మాటలు చూసి ఇది ఒంటికి మంచిదని జనం అనుకుంటారు. 13 శాతం ఆల్కహాల్ ఏ పేరు పెట్టినా 13 శాతమే. క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ఆల్కహాల్ పానీయాలను 1988లోనే చేర్చారు. నీ తోటను కాదనను. సీసా మీద ఆరోగ్యం అనే మాట రాస్తే మాత్రం ఊరుకోను.

లంక రైతు కొడుకు:
అమ్మా, ఆ మాట రాయను. లంకలో వేయాలన్న ఆలోచన ఈ చర్చతో విరమించుకున్నాను, అన్నగారు చెప్పిన వరద లెక్కకు నా దగ్గర జవాబు లేదు. ఇంటి వెనక మెరక మీద ఇరవై సెంట్లు ఉంది, నీరు నిలవదు. అక్కడ వేసి, పిచికారీ చేసిన ప్రతిసారీ రాగి తూకం పుస్తకంలో రాస్తాను. మూడేళ్లలో హద్దు దాటేలా ఉంటే తీగలు తీసేస్తాను. సల్ఫైట్ మీద ఇంకా నా మనసు మారలేదు, మేడమ్‌గారూ. ఒక తొట్టె మీ 30తో, ఒకటి అంబాజీపేట అన్నగారి దారిలో చేసి పక్కపక్కన పెట్టి చూస్తాను.

కడియం అన్నగారూ, డాగ్‌రిడ్జ్ వేరు మొక్క మీద అంటు కట్టినవి మీ దగ్గర ఉన్నాయా? ఎనభై కావాలి.