తిరుమల కొండ గీస్తే పోలిక కుదురుతాది, బొమ్మ మాత్రం చప్పగా ఉంటాది. ఎందుకు?

అలిపిరి_గీత:
ఉండేది తిరుపతిలో. ఫోన్‌లో కొండ ఫోటో తీసుకుని, ఇంట్లో కూర్చుని 300 జీఎస్ఎం మందం పేపర్ మీద వాటర్ కలర్ వేస్తా ఉండా. కొండ కొండ మాదిరే వస్తాది, కానీ ఏ బొమ్మ చూసినా ఒకటే తీరు. ‘కుతూహలం ఉంటే బొమ్మ దానంతటదే నిలబడతాది’ అంటారు పెద్దవాళ్లు. సరే, ఆ కుతూహలంతో చేతికి ఏం పని చెప్పేది? ఇంకోటి, ఫోటో ఉండగా బొమ్మ దేనికని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడంలే.

రాతిమెట్టు:
ముందు ఫోన్ సంగతి. ఫోన్ లెన్సు వెడల్పుగా చూస్తాది కాబట్టి దూరంగా ఉండే కొండ కంటికి కనిపించేదానికన్నా పొట్టిగా పడతాది. పైగా నీడల్ని అదే తెల్లగా లేపేస్తాది. ఎత్తూ నీడా రెండూ పోయినాక మిగిలేది చప్పదనమే. చెయ్యి బారుగా చాపి, పెన్సిల్ నిలబెట్టి, కొండ ఎత్తుకి వెడల్పు ఎన్ని రెట్లో అక్కడికక్కడే కొలుచుకోండి.

ఇక కుతూహలం. ‘ఈ కొండ పైన నిట్టనిలువుగా, కింద వాలుగా ఎందుకుంది?’ అని ఒక్క ప్రశ్న వేసుకోండి చాలు. పైనుండేది నగరి క్వార్ట్‌జైట్. పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైంది. అది అంత సులభంగా అరగదు, నిలువు పగుళ్ల వెంబడి పలకలుగా విరిగి పడతాది. కింద దానికంటే చాలా పాత గ్రానైట్. అది గుండ్రంగా అరిగి, మట్టీ పొదలూ కప్పుకుని వాలుగా దిగుతాది. రెండింటి మధ్య కాలం ఎడం సుమారు 80 కోట్ల ఏళ్లు. ఘాట్ రోడ్డులో ఆ రెండు రాళ్లు కలిసే చోటుని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించినారు కూడా. దర్శనానికి పోయే బస్సులో ఎంతమంది తల తిప్పి చూస్తారో మరి!

ఇది తెలిస్తే బ్రష్ మారుతాది. పై బండకి ఫ్లాట్ బ్రష్ ఎత్తుకోండి. నీళ్లు బాగా పిండేసి, అంచుతో పొరకి అడ్డగీతలు, పగులుకి నిలువుగీతలు లాగండి. కింది వాలుకి రౌండ్ బ్రష్, తడి పేపర్ మీదే తడి రంగు, అంచులు మెత్తగా. మొత్తం కొండని ఒకే బ్రష్‌తో ఒకే ఊపులో లాగేస్తే రెండు రాళ్లు ఒకటైపోతాయి. మీ బొమ్మల్లో జరిగేది అదే అనుకుంటా.

వెలుతురు ఇంకా తమాషా. ఊర్లో నిలబడి చూస్తే కొండ ముఖం దక్షిణానికి ఉంటాది. డిసెంబర్లో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి పొద్దస్తమానం బండ మీద ఎండే. పొద్దున కుడి నుంచి, సాయంత్రం ఎడమ నుంచి. జూన్‌లో మన నెత్తికి కాస్త ఉత్తరంగా పోతాడు, అప్పుడు నిట్టనిలువు బండకి నేరుగా ఎండ తగలదు. ఏ నెలలోనైనా బండకి అదే ఎర్రమట్టి రంగు వేస్తే అబద్ధం అక్కడ మొదలవతాది. ఎండ బండకి యెల్లో ఆకర్‌లో (పసుపు మట్టి రంగు) కొంచెం బర్న్ట్ సియెన్నా (ఎర్రగోధుమ) కలపండి. నీడ బండకి అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా. ట్యూబులోని నలుపు జోలికి పోవద్దు, నీడ చచ్చిపోతాది.

ఎండాకాలంలో బయట కూర్చుంటే రంగు పరుచుకునేలోపే ఆరి గీతలు పడతాయి. పేపర్‌ని వెనక వైపు కూడా తడిపి ప్లాస్టిక్ అట్ట మీద పరిస్తే ఇంకాస్సేపు తడి నిలుస్తాది.

కలంకుంచె:
రాతిమెట్టు చెప్పింది సరే, కానీ కొండ దగ్గరే ఆగొద్దు. చేతిలో ఉండే రంగుని కూడా ప్రశ్నించాల. శ్రీకాళహస్తి కలంకారీ పని చూడండి, అందులో ప్రతి మెట్టుకీ ఒక ‘ఎందుకు’ ఉంది.

ఇంట్లో చేసే పరీక్ష చెప్తా. గంజి పోయేలా ఉతికిన కోరా గుడ్డ నాలుగు ముక్కలు తీసుకోండి. ఒకటి అట్లే వదిలేయండి. ఒకటి పచ్చి ఎనుప పాలల్లో, ఒకటి కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో, ఒకటి కరక్కాయా పాలూ కలిపినదాంట్లో నానబెట్టి, పిండి, ఎండబెట్టండి. అరలీటరుకి 50 గ్రాముల పొడి చాలు. తర్వాత నాలుగింటి మీదా కసిమితో (తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టిన సరుకు, నల్లగీతలకి వాడేది) ఒకటే గీత. కరక్కాయ లేని రెండింట్లో గీత తుప్పు రంగుకే ఆగిపోతాది, ఎందుకంటే ఇనుముకి కరక్కాయ వగరు తగిలితేనే నలుపు. కరక్కాయ ఉండి పాలు లేనిదాంట్లో నల్లగా వస్తాది కానీ వెంట్రుకలు లేచినట్టు పక్కకి పాకుతాది. పాలల్లోని కొవ్వే గీతని కట్టిపెట్టేది. నాలుగో ముక్క మీద గీత కోసినట్టు నిలుస్తాది.

పటిక ఇంకో మాయ. లీటరు నీళ్లకి 50 గ్రాములు కరిగించి కలంతో పూస్తే కంటికి కనపడదు. ఒక రోజు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ వేరు కషాయంలో సన్నసెగన కాచండి. పటిక తగిలినచోట ఎరుపు. పటికలో రెండు చుక్కలు కసిమి కలిపి పూసినచోట ముదురు మెరూన్. కుండ ఒకటే, రంగులు వేరే. కషాయం మరీ తెర్లితే ఎరుపు గోధుమలోకి పోతాది.

అలిపిరి_గీత:
కసిమి ఇంట్లో పెట్టొచ్చునా అన్నా? వాసన వస్తాదంటారు. మా దగ్గర పారే నీళ్లు కూడా లేవు. ఇంట్లోవాళ్ల ప్రశ్న అట్లే ఉండిపోయింది.

తెల్లకాగితం:
ఇంట్లోవాళ్లకి నేను చెప్తా. ఫోటోలో కరెంటు తీగ, హోర్డింగు, కొండ అన్నీ సమానమే. బొమ్మ వేసేవాళ్లు మాత్రం ప్రతి అంగుళంలోనూ ఏది ఉంచేది, ఏది వదిలేసేది తేల్చుకోవాల. కాళహస్తి రామాయణం గుడ్డ చూడండి. నడిమధ్య పట్టాభిషేకం పెద్దగా, చుట్టూ గళ్లల్లో కథ చిన్నచిన్నగా, కింద పట్టీల్లో తెలుగు అక్షరాలు. ఏది పెద్దది, ఏది చిన్నది అని ఒకరు తీర్పు చెప్పినారు. ఆ తీర్పు కోసమే బొమ్మ.

మీకు ఒక పని. కొండని అయిదు నిమిషాలు చూడండి, ఫోన్ జేబులోనే ఉండనీండి. వెనక్కి తిరిగి కూర్చుని, 2బీ పెన్సిల్‌తో అరచేతంత సైజులో తెలుపు, నడిమి, నలుపు మూడే తీర్లతో గీయండి. ఎక్కడ చెయ్యి ఆగిపోతాదో అక్కడ మీరు చూడలేదన్నమాట. మళ్లీ తిరిగి ఆ చోటుని మాత్రమే చూడండి. రంగులు ఆ తర్వాత.

కలంకుంచె:
కసిమి పులిసే సరుకు, వాసన ఖాయం. మేడ మీద పెట్టుకోండి. లీటరు నీళ్లకి 100 గ్రాముల నల్లబెల్లం, గుప్పెడు తుప్పు మేకులు, మట్టికుండ, మూతికి గుడ్డ. బిరడా బిగిస్తే గ్యాసు పట్టి ఎగురుతాది. రెండు మూడు వారాలకి వడగట్టి, కరక్కాయ గుడ్డ మీద చుక్క వేసి చూడండి. బూడిద రంగు తేలితే ఇంకా ఊరాల. మరీ చిక్కనైతే కొన్నాళ్లకి గీత ఉన్నచోట గుడ్డ చివికి చిరుగుతాది, ఇంకొన్ని నీళ్లు పోయండి.

నీళ్లకి కాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి ఏరే కావాలని లేదు. బక్కెట్లో మాత్రం ముంచొద్దు. గుడ్డకి అంటని పటిక నీళ్లలోకి దిగి తెల్లచోట్ల పట్టుకుంటాది, అక్కడంతా మంజిష్ఠ మరకలే. గుడ్డని ఏటవాలు పలక మీద పరిచి, పైనుంచి పైపు నీళ్లు వదలండి. గుడ్డ జిడ్డు జిడ్డుగా తగలడం మానేదాకా వదలాల.