జీడిపప్పు వెబ్‌సైట్‌కు బాట్ల తాకిడి: విదేశీ ఐపీలన్నిటినీ ఫైర్‌వాల్‌లో మూసేయాలా?

కాశీబుగ్గ బజారు

మాది కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద చిన్న అమ్మకాల వెబ్‌సైట్ నడుపుతున్నాం. కొద్ది వారాలుగా లాగిన్ పేజీ మీద రాత్రింబవళ్ళు బాట్లు (తమంతట తామే నడిచే ప్రోగ్రాములు) పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తున్నాయి. లోపలికి ఎవరూ రాలేదు గానీ, సైట్ తెరుచుకోవడమే కష్టంగా ఉంది. సర్వర్ చూసే కుర్రాడు మొదట్లో లాగ్ (సైట్‌కు వచ్చినవాళ్ళ చిట్టా) చూసి ఒక్కొక్క ఐపీనీ (ఇంటర్నెట్ చిరునామానీ) ఫైర్‌వాల్‌లో, అంటే రాకపోకలను వడకట్టే కాపలాలో, అడ్డుకున్నాడు. తెల్లారేసరికి కొత్తవి. ఇప్పుడు విసిగిపోయి, మన దేశం తప్ప మిగతా దేశాల ఐపీలన్నీ ఆపేద్దామంటున్నాడు.

నా ఇబ్బంది ఏమిటంటే, మా ఆర్డర్లలో మంచి వాటా గల్ఫ్ నుంచి వస్తుంది. అక్కడ పనిచేసే ఉద్దానం వాళ్ళు డబ్బు అక్కడ కట్టి, సరుకు కవిటిలోనో సోంపేటలోనో ఉన్న ఇంటికి పంపమంటారు. ఏం చేయమంటారు?

బొబ్బిలి కోట

కుర్రాడు సరిగ్గానే చెప్పాడు. మూసేయండి.

వర్డ్‌ప్రెస్‌లో తప్పుడు పాస్‌వర్డ్ ఒకటి కొట్టినా సైట్‌ను నడిపే పీహెచ్‌పీ ప్రోగ్రాము లేవాలి, డేటాబేస్ వెతకాలి, పాస్‌వర్డ్ సరిపోల్చే లెక్క చేయాలి. దొంగకు సులువు కాకూడదని ఆ లెక్కను కావాలనే బరువుగా తయారుచేశారు. ఆ బరువు మోసేది మాత్రం మీ సర్వరే. ఫైర్‌వాల్ అయితే వచ్చిన ప్యాకెట్‌ను (డేటా ముక్కను) ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్ దగ్గరే పారేస్తుంది, వెబ్ సర్వర్‌కు కబురు కూడా అందదు.

ఒక్కొక్క ఐపీకి ఒక్కొక్క రూల్ రాయడం మాత్రం దండగ. ప్రతి ప్యాకెట్‌కూ ఆ రూల్స్‌ను వరసగా పైనుంచి కిందికి చూడాల్సి వస్తుంది. ఐపీసెట్ అనే సాధనంలోని హాష్ పట్టికలో (వరసగా కాక నేరుగా వెతికే పట్టికలో) పెట్టమనండి. అడ్రస్‌లు వేలల్లో ఉన్నా వెతికే వేగం దాదాపు మారదు. ఆ పట్టికకు మామూలు పరిమితి 65,536. చాలకపోతే పెంచుకోవచ్చు.

గల్ఫ్ వాళ్ళంటారా, వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకోండి.

చీపురుపల్లి రోడ్డు

కోట గారూ, మీ లెక్క బాగుంది, గురి బాగాలేదు. సిరిమానోత్సవం నాడు ఒక జేబుదొంగ కొత్తవలస వైపు నుంచి వచ్చాడని, ఆ రైల్లో దిగిన వాళ్ళందరినీ విజయనగరం స్టేషన్ నుంచే వెనక్కి పంపినట్లుంది మీ సలహా.

దాడి చేసేవాడు తన ఇంటి అడ్రస్ నుంచి చేస్తాడా? ముంబయి డేటా సెంటర్‌లో సర్వర్ అద్దెకు తీసుకుంటే మీ ఫైర్‌వాల్‌కు వాడు భారతీయుడే. అదీ కాకపోతే ఊరివాళ్ళ పరికరాలే ఉన్నాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన ఇంటి కెమెరాలనూ రూటర్లనూ లక్షల్లో లొంగదీసుకుంది. మీ లాగ్‌లో కనిపిస్తున్న ఐపీ వెనక దొంగ ఉండకపోవచ్చు. అలాంటి కెమెరా గోడకు తగిలించుకున్న ఇల్లే ఉండవచ్చు. అది పార్వతీపురంలో ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇంకొకటి. అమెరికా ఐపీలన్నీ ఆపితే గూగుల్ వెతుకులాట నుంచి కూడా మీ దుకాణం మెల్లగా మాయమవుతుంది. గూగుల్ బాట్ ఎక్కువగా అక్కడి అడ్రస్‌ల నుంచే వస్తుంది.

టెక్కలి మాస్టారు

కాలేజీలో నెట్‌వర్క్స్ పాఠం చెబుతాను కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఐపీ అడ్రస్ ఒక మనిషికి గుర్తు అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్న అడ్రస్‌లు మొత్తం సుమారు 429 కోట్లు. 2011లోనే ప్రపంచ స్థాయి నిల్వ ఖాళీ అయింది. అందుకే మొబైల్ కంపెనీలు వందల మంది చందాదారులను ఒకే బయటి అడ్రస్ వెనక కూర్చోబెడతాయి. దీన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. దానికోసం 2012లో 100.64.0.0 నుంచి మొదలయ్యే అడ్రస్‌లను ప్రత్యేకంగా కేటాయించారు కూడా. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఒకడి ఫోనులో బాట్ దూరిందని మీరు ఆ బయటి అడ్రస్‌ను శాశ్వతంగా మూస్తే, అదే అడ్రస్ వెనక ఉన్న కొనుగోలుదారులకు మీ దుకాణం తెరుచుకోదు. వాళ్ళు ఫిర్యాదు చేయరు, వేరే చోట కొనుక్కుంటారు. ఆ నష్టం మీ లాగ్‌లో ఎక్కడా కనిపించదు.

కొత్త పద్ధతి ఐపీవీ6లో తిరకాసు ఎదురుదిశలో ఉంటుంది. ఒక్క ఇంటికే కనీసం 64 బిట్ల చోటు ఇస్తారు, అంటే మొత్తం ఐపీవీ4 ప్రపంచం కన్నా ఎన్నో కోట్ల రెట్లు. ఒక్కో అడ్రస్ అడ్డుకుంటూ కూర్చుంటే ఈ జన్మకు పూర్తికాదు. అక్కడ ఆ ఇంటి చోటు (దాన్ని /64 అని రాస్తారు) మొత్తాన్ని ఒక్కటిగా చూడాలి. మన దేశంలో మొబైల్ వాడకం ఎక్కువగా ఐపీవీ6కు మారిపోయింది కాబట్టి ఇది పుస్తకంలో మాట కాదు.

గంపగుత్తగా మూస్తే ఏమవుతుందో రష్యా చూపించింది. 2018లో టెలిగ్రామ్‌ను ఆపాలని అక్కడి ప్రభుత్వ సంస్థ అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లకు చెందిన లక్షలాది ఐపీలను మూసేసింది. సంబంధం లేని సైట్లు, సేవలు కూలబడ్డాయి. టెలిగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది. 2020 జూన్‌లో నిషేధం ఎత్తేశారు.

ఐపీ బ్లాకింగ్ వద్దని నేననను. గడువుతో పెట్టమంటాను. ఫెయిల్2బ్యాన్ అనే ప్రోగ్రాము చేసే పని అదే: లాగ్ చూస్తూ ఉంటుంది, మామూలు అమరికలో 10 నిమిషాల్లో 5 సార్లు తప్పితే 10 నిమిషాలు ఆపుతుంది. మళ్ళీ మళ్ళీ వచ్చేవాడికి గడువు పెరిగేలా పెట్టుకోవచ్చు.

బొబ్బిలి కోట

మాస్టారూ, 5 సార్లు తప్పితే కదా? ఇప్పటి బాట్లు ఒక్కో ఐపీ నుంచి ఒకసారి కొట్టి వెళ్ళిపోతాయి. వెయ్యి ఐపీలు, వెయ్యి ప్రయత్నాలు. మీ ఫెయిల్2బ్యాన్ నిద్రపోతూ ఉంటుంది. పాఠాలు బాగుంటాయి, కానీ తెల్లారేసరికి దుకాణం తెరవాల్సింది ఆయన.

టెక్కలి మాస్టారు

నిజమే, అక్కడ అది పనిచేయదు. ఒక్కసారి కనిపించి పోయే వెయ్యి ఐపీలను మీ పట్టికలో రాసుకుంటే మాత్రం ఏమి ప్రయోజనం? రేపు అవి రావు. అలాంటప్పుడు ఐపీని వదిలేసి తలుపును చూడాలి. లాగిన్ పేజీకి వెబ్ సర్వర్‌లోనే ముందు ఇంకొక పాస్‌వర్డ్ పెడితే పీహెచ్‌పీ లేవదు, మీరు చెప్పిన బరువూ పడదు. బయటి యాప్‌లు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ ఫైలు వాడకపోతే దాన్ని మూసేయాలి. పాస్‌వర్డ్ ప్రయత్నాలకు అది రెండో దారి.

కాశీబుగ్గ వారూ, మీ సైట్ ముందు సీడీఎన్ (మీ తరఫున పేజీలు అందించే మధ్యవర్తి సర్వర్ల సేవ) ఏదైనా ఉందా? ఉంటే సర్వర్ ఫైర్‌వాల్‌కు కనిపించేది సీడీఎన్ అడ్రస్‌లే. అవి మూస్తే సైటే మూతపడుతుంది. అసలు ఐపీ హెడర్‌లో (అభ్యర్థనకు ముందు తగిలించే సమాచారంలో) వస్తుంది గానీ, సీడీఎన్ నుంచి వచ్చిన హెడర్‌నే నమ్మాలి. లేకపోతే ఎవడైనా తనకు నచ్చిన ఐపీ అందులో రాసుకుని వస్తాడు.

కువైట్‌లో కంచిలి

మీరంతా ఎవరిని ఆపాలా అని మాట్లాడుకుంటున్నారు, ఆగిపోయేవాణ్ణి నేను. మా క్యాంపులో ఒకే వైఫై, అందరికీ బయట కనిపించేది ఒకే ఐపీ. అమ్మకు మందులు పంపుదామంటే ఊళ్ళోని ఒక మందుల షాపు సైట్ ఇక్కడ తెరుచుకోదు. ఫోన్ చేస్తే ‘సైట్ బాగానే ఉంది బాబూ, మాకు వస్తోంది’ అంటారు. వాళ్ళకు వస్తుంది, వాళ్ళు ఇండియాలో ఉన్నారు కదా! కోట గారు వాట్సాప్‌లో ఆర్డరిమ్మంటున్నారు. డబ్బు కట్టే పేజీ కూడా వాట్సాప్‌లో పంపిస్తారా?

బొబ్బిలి కోట

కువైట్ తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. సరే, కొంటున్న వాళ్ళున్న దేశాలు తెరవనివ్వండి. లాగిన్ పేజీకి మాత్రం దేశాల వడపోత ఉండాల్సిందే. ఆ పేజీతో కొనుగోలుదారుకు పని లేదు. ఫైర్‌వాల్‌కు పేజీలు తెలియవు కాబట్టి అది వెబ్ సర్వర్‌లో పెట్టండి.

చీపురుపల్లి రోడ్డు

ఈ మాట మొదటే అని ఉంటే సగం చర్చ తప్పేది. మరి ఆ కుర్రాడు ఇన్నాళ్ళూ చేత్తో రాసిన పాత ఐపీల జాబితా సంగతి? అది తుడిచేయాలి. అందులో సగం ఇప్పటికే వేరేవాళ్ళ చేతికి మారి ఉంటాయి.

బొబ్బిలి కోట

తుడవకండి. హోస్టింగ్ కంపెనీల అడ్రస్‌లు ఉంచండి. డేటా సెంటర్ నుంచి జీడిపప్పు ఎవడు కొంటాడు?

చీపురుపల్లి రోడ్డు

వీపీఎన్ (వేరే సర్వర్ మీదుగా నెట్‌కు వెళ్ళే దారి) వాడేవాడు కొంటాడు. ఆఫీసు నెట్ మీద కూర్చున్నవాడు కొంటాడు.

కాశీబుగ్గ బజారు

సీడీఎన్ లేదు మాస్టారూ, ఇప్పుడే అడిగాను. లాగిన్ పేజీకి రెండో పాస్‌వర్డ్ ఈ రాత్రికే పెట్టమన్నాను, ఎక్స్‌ఎంఎల్ ఫైలు కూడా మూయమన్నాను. దేశాల రూల్ ప్రస్తుతానికి ఆపాం. పాత జాబితాలో గల్ఫ్ ఐపీలు ఏవైనా ఉన్నాయేమో వెతకమన్నాను. మిగతావి మీరిద్దరూ తేల్చుకునేదాకా ఉంచుతాను. లాగులు ఎన్నాళ్ళు దాచాలి?

టెక్కలి మాస్టారు

2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం 180 రోజులు. ఎవరైనా లోపలికి చొరబడితే గమనించిన 6 గంటల్లో వాళ్ళకు తెలపాలి. లాగ్‌లో సమయంతో పాటు అవతలివాడి పోర్ట్ నంబరు (ఆ కనెక్షన్‌కు వాడిన సంఖ్య) కూడా నమోదయ్యేలా పెట్టమనండి. వెబ్ సర్వర్లు మామూలుగా దాన్ని రాయవు. వందల మంది ఒకే అడ్రస్ వెనక ఉన్నప్పుడు, ఎవరో తేల్చాలంటే టెలికాం కంపెనీ అడిగేది ఆ నంబరే.