వెనుక కాళ్లు పడిపోయిన కుక్కకు చక్రాల బండి వాడవచ్చా?

ప్రశ్న:
మా ఆరేళ్ల డాక్స్‌హండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్క్ జారి, వెన్నుపాము నొక్కుకుపోయి వెనుక కాళ్లు పడిపోయాయి. ఆపరేషన్ తరువాత నొప్పి తగ్గింది, తిండి బాగా తింటోంది. కానీ ముందు కాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటూ మా వెంటే తిరగడంతో వెనుక పాదాల పైభాగం ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయి. చక్రాల బండి కొనమని కొందరు, దానికి అలవాటు పడితే ఇక సొంతంగా నడవదని మరికొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

మొదటి జవాబు:
బండి వల్ల కుక్క నడక మరిచిపోతుందన్న భయం అక్కర్లేదండీ. కాళ్లలో ఏ కొంచెం కదలిక ఉన్నా, పాదాలు నేలను తాకీ తాకనట్లు బండిని అమరిస్తే అడుగు వేసే ప్రయత్నం అదే చేస్తుంది. కదలిక బొత్తిగా లేకపోతే పాదాలు నేలకు రాసుకోకుండా పట్టీలతో పైకి కట్టాలి. అయితే ఆపరేషన్ తరువాత డాక్టరు చెప్పిన విశ్రాంతి గడువు పూర్తయ్యాకే, ఆయన అనుమతితోనే మొదలుపెట్టండి. పాదాల పుండ్లను కూడా ఈలోగా చూపించి మాన్పించాలి.

కొలతల దగ్గర మాత్రం తొందరపడకండి. ఒకరు కుక్కను మామూలుగా నిలబడే ఎత్తులో పట్టుకుంటే, మరొకరు తొడ పొట్టను కలిసే మడత నుంచి నేల వరకు కొలవాలి. తుంటి వెడల్పు, ఒంటి పొడవు, బరువు కూడా కావాలి. డాక్స్‌హండ్‌ది పొడవాటి నడుము కాబట్టి, బండిలో నిలబెట్టి పక్క నుంచి చూసినప్పుడు వీపు సమంగా కనిపించాలి. నడుము కుంగినా, పైకి వంగినా, భారమంతా భుజాల మీద పడుతున్నా సరిచేయక తప్పదు. విప్పిన ప్రతిసారీ తొడల లోపలి వైపు వెంట్రుకలు పాయ తీసి చూడండి, ఒరుపు మొదట అక్కడే ఎర్రగా తేలుతుంది.

రెండవ జవాబు:
చాలా బండ్లలో కుక్క పడుకోలేదు. అందుకే మొదట్లో ఐదు పది నిమిషాలతో ఆపి మెల్లగా పెంచండి, ఒంటరిగా ఎప్పుడూ వదలకండి. మెట్ల దగ్గర, ఏటవాలు నేల మీద బండి బోల్తా పడుతుంది. ఇంట్లో పొట్ట కింద వేసి ఎత్తిపట్టే పట్టీ, జారని చాపలు చాలు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది మూత్రాశయం. కాళ్లు పడిపోయిన కుక్కల్లో చాలావాటికి మూత్రం పూర్తిగా రాదు, మిగిలిపోయినది ఇన్ఫెక్షన్‌కు దారితీస్తుంది. రోజుకు మూడు నాలుగు సార్లు చేత్తో నొక్కి ఖాళీ చేయించవలసి రావచ్చు. ఆ పద్ధతి డాక్టరు దగ్గర మీ చేతులతో చేసి నేర్చుకోండి. మూత్రం మబ్బుగా ఉన్నా, దుర్వాసన వచ్చినా ఆలస్యం చేయవద్దు.

మూడవ జవాబు:
ఇదే ప్రశ్నతో వచ్చే జర్మన్ షెపర్డ్ యజమానుల కోసం ఒక మాట. ఆ జాతిలో ముసలితనంలో వచ్చే డీజెనరేటివ్ మైలోపతి (వెన్నుపాము క్రమంగా క్షీణించే జబ్బు) నొప్పి లేకుండానే ముదురుతూ, కాలక్రమంలో ముందు కాళ్లకూ పాకుతుంది. తరువాత ముందు చక్రాలు కూడా తగిలించుకోగల బండి తీసుకుని, కుక్క ఇంకా తూలుతూ నడుస్తున్నప్పుడే అలవాటు చేయడం మేలు.