'పౌరుషం', 'పొగరు', 'ఇరికించారు': సహాయపాత్రలకు మనం వాడే మాటలు

ప్రశ్న: ఒక ధారావాహికపై అభిమానులు రాసుకున్న చర్చ చదువుతుండగా ఈ సందేహం కలిగింది. కథానాయకుడు ఎదురుతిరిగినప్పుడు 'పౌరుషం' అని మెచ్చుకున్నవారే, అతని భార్య అదే స్వరంతో మాట్లాడినప్పుడు 'పొగరు' అని రాశారు. ఈ రెండు మాటలకు నిజంగా అర్థభేదం ఉన్నదా? పెద్దలు వివరించగలరు.

జవాబు: అర్థభేదం ఉన్నదండీ. అవమానాన్ని సహించలేకపోవడం పౌరుషం, ఎదుటివారిని లెక్కచేయకపోవడం పొగరు. పౌరుషం 'పురుష' శబ్దం నుండి పుట్టినదే అయినా, 'ఆమెకు పౌరుషం ఎక్కువ' అని నేడు సహజంగానే అంటున్నాం కనుక, నేరాన్ని వ్యుత్పత్తి మీదికి నెట్టలేము. మీరు చూసిన చర్చలో మాటను నిర్ణయించినది పాత్ర చేసిన పని కాదు, ఆ పాత్ర కథానాయకుడికి తోడుగా ఉన్నదా, అడ్డుగా ఉన్నదా అన్న లెక్క.

అమెరికా టీవీ ధారావాహిక 'బ్రేకింగ్ బ్యాడ్' (2008–2013) ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. మాదకద్రవ్యాలు తయారుచేసి, హత్యలకు కూడా వెనుదీయని వాల్టర్ వైట్‌కు నీరాజనాలు పట్టిన ప్రేక్షకులలో చాలామంది, అతని అబద్ధాలను నిలదీసిన భార్య స్కైలర్‌ను సాధింపుల మనిషిగా తీసిపారేశారు. ఆ పాత్రపై పుట్టిన ద్వేషం చివరకు తన మీదికే ఎలా మళ్లిందో, దానిని పోషించిన ఆనా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసంగా రాశారు. 'సాధింపు' అనే మాటను ఒకసారి పరిశీలించండి. అడిగిన ప్రశ్న న్యాయమైనదా కాదా అన్న విచారణ ఆ మాటలో లేదు, విన్నవాడి విసుగు మాత్రమే ఉన్నది. స్కైలర్ నిర్దోషి అని నేననను. తరువాత ఆ అక్రమధనాన్ని సక్రమంగా చూపించే పనిలో ఆమె కూడా పాలుపంచుకున్నది, దానిని పట్టుకొని విమర్శిస్తే అది విమర్శే అవుతుంది. భర్తను ప్రశ్నించడమే ఆమె నేరమన్నట్లు మాట్లాడడం మాత్రం విమర్శ కాదు.

ఇక 'మేరీ సూ' అన్న మాట ఉన్నది. 1973లో పౌలా స్మిత్ రాసిన ఒక చిన్న వ్యంగ్యకథలోని పదిహేనున్నర ఏళ్ల లెఫ్టినెంటు పేరు అది. అభిమానులు రాసే కథలలో అన్ని విద్యలూ వచ్చిన అసంభవమైన పాత్రలను ఎగతాళి చేయడానికి పుట్టిన ఆ పేరు, క్రమంగా సమర్థురాలైన ఏ స్త్రీ పాత్ర కనిపించినా తగిలించే ముద్రగా మారింది. పురుషపాత్రల కోసం 'గ్యారీ స్టూ' అని కల్పించారు గాని, అది అంతగా వ్యాప్తి చెందలేదు.

మరొక సభ్యురాలు: అల్పసంఖ్యాక వర్గాల పాత్రల విషయంలో నేను తరచుగా చూసే మాట 'ఇరికించారు' అన్నది, అంటే కథకు అవసరం లేకున్నా బలవంతంగా చొప్పించారని. ఇతర సహాయపాత్రలకు కథలో తగినంత పని లేకపోతే 'రచన బలహీనం' అంటారు, ఈ పాత్రల దగ్గరకు వచ్చేసరికి అసలు ఉండడమే తప్పు అన్నట్లు మాట్లాడతారు. 'ది హంగర్ గేమ్స్' చిత్రం 2012లో విడుదలైనప్పుడు రూ అనే బాలిక పాత్రలో నల్లజాతి నటి కనిపించడాన్ని కొందరు తప్పుపట్టారు. మూలనవలలోనే ఆ బాలికది ముదురు గోధుమవర్ణపు చర్మమని స్పష్టంగా ఉన్నది. 'స్టార్ వార్స్' చిత్రంలో రోజ్ పాత్ర పోషించిన కెల్లీ మేరీ ట్రాన్ 2018లో వేధింపుల నడుమ తన ఇన్‌స్టాగ్రామ్ నుండి రాతలన్నీ తొలగించారు. ఆ పాత్రను ఎంత పేలవంగా రాశారని భావించినా, ఆ కోపం ఆమె జాతి మీదికి, రూపం మీదికి పోవడానికి ఏ సాహిత్యవిమర్శా దారి చూపదు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఒక స్త్రీ పాత్ర నిజంగానే అహంకారంతో ప్రవర్తిస్తే ఏమని రాయాలి?

జవాబు: 'పొగరు' అనే రాయండి. అయితే ముందుగా ఆమె ఏ సన్నివేశంలో, ఎవరితో, ఏమన్నదో క్రియలతో రాసి, ఆ తరువాతే విశేషణం చేర్చండి. అదే పనిని కథానాయకుడు చేసిన సన్నివేశం కూడా ఉంటే, అక్కడ మీరు ఏ మాట వాడారో వెదికి చూడండి.